పాలంపేట: చెరువు కింద ఊరు, ఊరి పక్కన గుడి

మొదటి రోజు

హనుమకొండ నుంచి ములుగు వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద గూడెప్పాడు కూడలి దాటిన తరువాత నేల స్వభావం మారడం మొదలవుతుంది. ఓరుగల్లు చుట్టుపక్కల కనిపించే బోడ గుట్టలూ నల్లసేనపు రాతి (గ్రానైట్) బండలూ క్రమంగా వెనకబడతాయి. మల్లంపల్లి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు ఇరువైపులా తవ్విన గుంతల్లో ముదురు ఎరుపు మట్టి బయటపడుతుంది. గట్టమ్మ గుడి దగ్గర బస్సులూ లారీలూ ఒక్క నిమిషమైనా ఆగకుండా పోవు. మేడారం వెళ్లేవారు ముందు గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఆ తరువాతే ముందుకు కదులుతారు. ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారిని వదిలి ఎడమ వైపు తిరిగితే, అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట దాకా దారి సన్నబడి, టేకు చెట్ల మధ్య నుంచీ పొలాల మధ్య నుంచీ సాగుతుంది.

నాతో వచ్చిన మిత్రుడు చాలా ఏళ్లు పాఠశాలలో భూగోళశాస్త్రం బోధించినవాడు. గుట్ట కనిపిస్తే దాని వయసు అడగనిదే ఊరుకోడు. ఓరుగల్లు నిలిచింది నల్లసేనపు రాయి మీద అని, తూర్పుకు వచ్చేకొద్దీ ఆ రాయి అడుగుకు పోయి పాకాల శ్రేణికి చెందిన పురాతన అవక్షేప శిలలు, ఇంకా ముందుకు పోతే గోదావరి లోయలోని బొగ్గు పొరలను మోసే ఇసుకరాళ్లు మొదలవుతాయని ఆయన దారి పొడవునా చెబుతూ వచ్చాడు. నేను మొదట దీన్ని ప్రయాణపు కబుర్లుగానే విన్నాను గాని, పాలంపేటలో గుడి గోడల ఎర్రటి రంగు చూసినప్పుడు ఆ వివరం అవసరమైంది. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి నలుపూ బూడిదా రంగుల్లో ఉంటుంది. యాభై ఏళ్ల తేడాతో అదే కాకతీయ రాజవంశపు కాలంలో కట్టిన రామప్ప గుడి గోడలు లేత ఎరుపులో ఉంటాయి. ఈ ప్రాంతపు నేలలో ఇసుకరాయి దొరకడమే ఇందుకు మొదటి కారణమని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

పాలంపేట చిన్న ఊరు. పరిపాలనాపరంగా ఇది వెంకటాపూర్ మండలంలో ఉంది. చాలా కాలం వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలోకి మారింది. ఊరి పేరు కంటే గుడి పేరే బయటి ప్రపంచానికి తెలుసు. బస్సు బోర్డు మీద కూడా 'రామప్ప' అనే రాసి ఉంటుంది. ఊళ్లో మాత్రం 'గుడి కాడికి', 'కట్ట కాడికి', 'ఊళ్లెకు' అనే మూడు మాటలతో అన్ని దిక్కులూ చెప్పేస్తారు. ఆ మూడు మాటలూ నాకు ఊరి పటంలాగానే ఉపయోగపడ్డాయి.

ఇళ్లలో కొన్ని ఇప్పటికీ గూన పెంకులవి. మిగిలినవన్నీ స్లాబులు. వాకిట్లో ఎండుతున్న మిరపకాయలు, గోడకు ఆనించిన వరి గడ్డి, ట్రాక్టరు ట్రాలీలు చూస్తే ఇది పర్యాటకుల మీద బతికే ఊరు కాదనీ, వ్యవసాయం మీదే నిలబడిన ఊరనీ తెలిసిపోతుంది. గుడి ముందున్న నాలుగు కొబ్బరికాయల దుకాణాలు, చెరుకు రసం బండి, చెరువు దగ్గరున్న పర్యాటక కాటేజీలు మినహా పర్యాటకం ఊరి లోపలికి పెద్దగా రాలేదు.

సాయంత్రం కట్ట మీదికి వెళ్లాము. అక్కడ గడ్డి మోపు దించుకుని కూర్చున్న ఒక పెద్దాయన మా చేతుల్లోని కెమెరాలు చూసి, "గుడికాడ ఫోటోలు దిగి అటే పోతరు సారూ, కట్ట మీదికి వచ్చెటోళ్లు తక్కువ. ఈ నీళ్లు లేకుంటే ఆ గుడికి దీపమెవ్వడు పెట్టె?" అన్నాడు. మర్నాడు శాసనం ముందు నిలబడినప్పుడు నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చిన ప్రశ్న అదే.

రెండవ రోజు

ఉదయం ఏడు గంటలకే గుడికి చేరుకున్నాము. తూర్పు ముఖంగా ఉన్న గుడి కాబట్టి ఆ వేళకు వెలుగు నేరుగా మండపంలోకి పడుతుంది. అయితే నేను ముందు వెళ్లింది ప్రాంగణంలో చిన్న మండపం కింద నిలిపి ఉన్న శాసన స్తంభం దగ్గరికి. నాలుగు పక్కలా నున్నగా చెక్కిన నల్లరాతి మీద వరుసగా కూర్చిన అక్షరాలు ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఉన్నాయి. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు-కన్నడ లిపి. శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213లో, కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, గుడి నిర్వహణకు గ్రామాలు దానం చేశాడన్నది ఆ శాసన సారాంశం.

రుద్రుడు మామూలు సేనాని కాడు. పన్నెండో శతాబ్దం చివరలో కాకతీయ మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు, ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కాడు. అప్పుడు ఓరుగల్లు సింహాసనం ఖాళీ. సామంతులు ఎవరికి వారు తలెత్తిన ఆ సమయంలో రాజ్యాన్ని చేజారనివ్వకుండా కాపాడిన వాళ్లలో రేచర్ల రుద్రుడే ముఖ్యుడు. కాకతీయ రాజ్య భారాన్ని మోసినవాడన్న కీర్తి ఆయనకు అందుకే దక్కింది. 1199లో గణపతిదేవుడు విడుదలై వచ్చి పట్టాభిషిక్తుడయ్యాడు, ఆ తరువాత ఆరు దశాబ్దాలకు పైగా ఏలాడు. చేతికి దక్కిన రాజ్యాన్ని రాజుకు తిరిగి అప్పగించిన సేనాని కట్టిన గుడి ఇది. అది తెలిసి చూస్తే, ఒక సేనాని కట్టించిన గుడి రాజులు కట్టించిన వాటికి దీటుగా ఎందుకుందో అర్థమవుతుంది.

శాసనం ఈ చోటును ఆటుకూరు అని పిలుస్తుంది. అంటే 1213లో ఇక్కడ ఒక పట్టణం ఉండేది. ఆ పట్టణం ఇప్పుడు లేదు. దాని ప్రాకారపు ఆనవాళ్లు, పొలాల మధ్య చెదిరిపోయిన చిన్న గుళ్లు, చెట్ల కింద సగం పూడిన స్తంభాలు మాత్రం మిగిలాయి. మిగిలిన వాటిలో సజీవమైనవి రెండే: గుడి, చెరువు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల చేతికి వెళ్లాక రాజధాని నుంచి వచ్చే ఆదరణ ఆగిపోయి ఉంటుంది. సేనానుల వంశాలు చెదిరిపోయాయి. అడవి దగ్గరికి వచ్చింది. చెరువు కింద భూమి సాగవుతున్నంత కాలం కొందరైనా ఇక్కడ నిలిచారనీ, పాలంపేట ఆ కొందరి ఊరనీ నా ఊహ. పట్టణాలు రాజుల మీద ఆధారపడితే, ఇక్కడి పల్లె తూము మీద ఆధారపడింది.

గుడి గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి గనుక నేను చూసిన కొన్నింటి దగ్గరే ఆగుతాను. నక్షత్రాకారపు ఎత్తైన జగతి మీద గుడి నిలిచింది. అరుగు మీద చుట్టూ ప్రదక్షిణ చేయవచ్చు. గోడ అడుగున ఏనుగుల వరుస గుడి చుట్టూ సాగుతుంది. గోడలు ఎర్ర ఇసుకరాయివి కాగా స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు నల్లని గట్టి రాయివి. ఈ నల్లరాయిని ఉలికి లొంగదీయడం తేలిక కాదు, అయినా లోపలి దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపురాసుర సంహారం వంటి కథలు బొటనవేలంత బొమ్మల్లో చెక్కారు. ఒక స్తంభం మీది నగిషీలో లతల వెనక రాయిని తొలిచి దారం దూరేంత సన్నని సందులు వదిలారు. అక్కడి గైడు నిజంగానే ఒక చీపురు పుల్లను ఒక రంధ్రంలో పెట్టి రెండో వైపు నుంచి తీసి చూపించాడు. మండపపు నేల మాత్రం చదునుగా లేదు. నడుస్తుంటే అరికాలికి ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

ఆ ఎత్తుపల్లాలకు పునాదితో సంబంధం ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలో ఆచార్యులుగా పనిచేసిన ఎం. పాండురంగారావు వంటి ఇంజనీర్లు పరిశీలించి చెప్పిన దాని ప్రకారం, కాకతీయ స్థపతులు భూమిని తవ్వి, ఆ గోతిని ఇసుకతో నింపి, దాని మీద గుడి కట్టారు. ఇసుక పెట్టె మీద కూర్చున్న బరువు భూకంపపు కుదుపును నేరుగా అందుకోదు. ఇసుక ఆ కుదుపును మింగుతుంది. ఆ ఇసుక తడిగా, కదలకుండా ఉన్నంత కాలమే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఎక్కడైనా జారితే పైన రాళ్లు సర్దుకుంటాయి. శిఖరం విషయంలో ఆ స్థపతుల ఆలోచన ఇంకా ముందుకు పోయింది: పునాది మీద భారం తగ్గించడానికి గోపురాన్ని నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. మట్టిలో ఊక వంటి కాలిపోయే పదార్థాలు కలిపి కాలిస్తే, అవి కాలిపోయిన చోట సన్నని గాలి గదులు మిగులుతాయి. ఇటుక సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.85 నుంచి 0.9 గ్రాములని చెబుతారు. అంటే నీటి కంటే తక్కువ.

పై కప్పు అంచున చూరును మోస్తున్నట్టు ఒరిగి నిలిచిన నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర చాలా సేపు గడిపాము. ఒకామె పాదరక్షలకు ఎత్తైన మడమలున్నాయి; గైడులందరూ ముందు చూపించేది ఆమెనే. నాకు నచ్చింది మరొక సంగతి. ఈ బొమ్మల కాళ్లూ చేతులూ సహజమైన కొలతలకు కట్టుబడవు, కొంచెం పొడవుగా సాగి ఉంటాయి; కింద నిలబడి తలెత్తి చూసేవాడి కంటికి అవే సరిగ్గా కుదురుతాయి. గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని నాట్యం మీద శాస్త్ర గ్రంథం రాసిన కాలానికి ఈ గుడి అప్పటికే నిలిచి ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. రాతిలో ఆగిపోయిన అడుగులను మనుషుల కాళ్లకు తిరిగి నేర్పడం చిన్న పని కాదు.

గైడు చెప్పే రెండు మాటల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 'దక్కన్ ఆలయాలలో దేదీప్యమానమైన తార' అని మార్కోపోలో ఈ గుడిని కీర్తించినట్టు ప్రతి కరపత్రం రాస్తుంది. ఆయన యాత్రా వృత్తాంతంలో మోటుపల్లి రేవు, ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి ప్రస్తావనలు ఉన్నాయి గాని పాలంపేట లేదు. రెండోది రామప్ప పేరు. గుడి కట్టిన శిల్పి రామప్ప అనీ, అందుకే గుడికి ఆ పేరు వచ్చిందనీ అంటారు. శాసనంలో రుద్రుడున్నాడు, రుద్రేశ్వరుడున్నాడు, రామప్ప లేడు. అది జనశ్రుతిగానే విలువైనది. దాన్ని శాసనం చెప్పిన మాటగా వినిపించడమే సరికాదు.

గుడి శిథిలం కాకుండా నిలవడంలో నిజాం కాలపు పని చాలా ఉంది. 1914లో ఏర్పడిన హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖకు సారథ్యం వహించిన గులాం యజ్దానీ ఇక్కడ సంరక్షణ పనులు చేయించి, పాలంపేట గుళ్ల మీద ఒక సమగ్రమైన పరిశీలన రాశాడు. దాన్ని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ 1922లో అచ్చువేసింది. దాదాపు వందేళ్ల తరువాత, 2021 జులై 25న, యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదే. ప్రధానాలయం పక్కనున్న కామేశ్వరాలయం కథ వేరు. కుంగిపోయిన ఆ గుడిని తిరిగి కట్టడానికని విప్పదీసి, రాళ్లకు అంకెలు వేసి పేర్చారు. ఆ తరువాత ఏళ్ల తరబడి అవి అలా పేర్చినట్టే ఉండిపోయాయి, పునర్నిర్మాణం చాలా ఆలస్యంగా మొదలైంది. గుడిని విప్పడం కంటే కట్టడం ఎంత కష్టమో తెలియాలంటే దాని చరిత్ర చదివితే చాలు.

మూడవ రోజు

ఈ రోజును పూర్తిగా చెరువుకే కేటాయించాము. రామప్ప చెరువు గుడికి సుమారు కిలోమీటరు దూరంలో ఉంది. దీన్ని చెరువు అనడం అలవాటు గాని, కట్ట మీద నిలబడి చూస్తే సరస్సు అనే మాటే సరిపోతుంది: మూడు వైపులా అడవి కప్పిన గుట్టలు, నాలుగో వైపు మాత్రమే మనిషి వేసిన కట్ట. గుట్టల మధ్య ఖాళీ ఎక్కడ తక్కువగా ఉందో అక్కడ అడ్డుకట్ట వేస్తే తక్కువ మట్టితో ఎక్కువ నీరు ఆగుతుందన్న లెక్క కాకతీయ కాలపు పెద్ద చెరువులన్నింటిలోనూ కనిపిస్తుంది. లక్నవరంలోనూ పాకాలలోనూ ఇదే తెలివి. ఓరుగల్లు దగ్గరి మైదానంలో ఒకటి నిండి మత్తడి మీదుగా పొర్లిన నీరు మరొకదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు తవ్వినవాళ్లే, ఇక్కడ గుట్టల భూమి చూసి పద్ధతి మార్చుకున్నారు. నా మిత్రుడు ఒక పుల్లతో మట్టిలో గీసి చూపించిన పటంలో గుట్టల వరుసలన్నీ చెరువు వైపే వాలి ఉన్నాయి. అడవిలో కురిసిన ప్రతి చినుకూ చివరికి ఈ కట్ట దగ్గరికే చేరాలి.

నిండితే చెరువులో దాదాపు 2.9 టీఎంసీల నీరు ఉంటుంది, లోతు ముప్పై అడుగులు దాటుతుంది. తూముల నుంచి బయలుదేరిన కాలువలు వేల ఎకరాలకు నీరందిస్తాయి. మేము వెళ్లింది చలికాలం కాబట్టి యాసంగి నార్లు పచ్చగా ఉన్నాయి, కొన్ని మళ్లలో దమ్ము జరుగుతోంది. తూము నుంచి కాలువ వెంట ఒక మైలు నడిచాము. ఒక చోట కాలువ గట్టుకు చిన్న గండి పెట్టి మడికి నీరు పారించుకుంటున్న రైతు, పొద్దున తన వంతు, మధ్యాహ్నం కింది వాళ్ల వంతు అని చెప్పాడు. నీటి వంతులు చూడడానికి ఊరికి నీరటికాడు ఉండేవాడని, అతనికి పంటలో భాగం కొలిచి ఇచ్చేవారని, ఇప్పుడు వంతులు రైతులే కూర్చుని మాట్లాడుకుంటున్నారని ఆయన మాటల్లో తెలిసింది. వర్షాలు బాగా పడి మత్తడి దూకిన ఏడు వానాకాలం, యాసంగి రెండు పంటలకూ బెంగ ఉండదు. దూకని ఏడు యాసంగిలో ఎన్ని ఎకరాలకు నీరు వదలాలో ముందే తేల్చుకోవాలి.

కట్ట పొడవునా, దాని దిగువన పొలాల్లో శిథిలమైన చిన్న గుళ్లు కొన్ని ఉన్నాయి. ఒకదానికి గొల్లగుడి అని పేరు. మరొక గుడిలో గర్భగృహం ఎదుట పగిలిన నంది ఒకటి, కప్పు రాళ్ల సందుల్లోంచి దిగిన మర్రి ఊడలు ఉన్నాయి. దేవుడు లేని ఆ గుళ్లలో పశువుల కాపర్లు ఎండవేళ విశ్రమిస్తారు. కట్ట మీద గుడి కట్టడం ఊరికే భక్తి కొద్దీ చేసిన పని కాదనిపిస్తుంది. గుడి ఉన్న చోటికి మనుషుల రాకపోకలుంటాయి, రాకపోకలున్న చోట కట్టకు బుంగ పడితే ఎవరో ఒకరి కంట పడుతుంది.

ఇప్పుడు ఈ చెరువు వాన మీద మాత్రమే ఆధారపడడం లేదు. దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని పంపులతో ఎత్తి ఇటు తెస్తుంది. మూడో దశలో రామప్ప చెరువు నుంచి హనుమకొండ దగ్గరి ధర్మసాగరం దాకా దాదాపు 49 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. అంటే ఎనిమిది వందల ఏళ్లు గుట్టల నీటిని ఆయకట్టుకు పంచిన చెరువు, ఇప్పుడు దూరపు ఊళ్లకు పోయే నీటికి మధ్య మజిలీ అయింది. కట్ట మీద కలిసిన రైతులలో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఎండాకాలంలోనూ చెరువు ఎండిపోదని కొందరు సంతోషిస్తే, నీరు ఎప్పుడు నింపాలో ఎప్పుడు తోడాలో తమ చేతిలో లేకుండా పోయిందని మరికొందరు అంటున్నారు. వాళ్ల భయాన్ని తోసిపుచ్చలేము; చెరువు మట్టం పెరిగినా తగ్గినా ముందు తెలిసేది చెరువు లోపలి శిఖం భూమి దున్నుకునే వాడికీ, చివరి మడి వాడికీ.

మరొక భయం నేల అడుగు నుంచి వచ్చింది. ఇక్కడికి ఉత్తరాన భూపాలపల్లి బొగ్గు గనులున్నాయి. వెంకటాపూర్ మండలంలోనూ ఓపెన్‌కాస్ట్ గని ప్రతిపాదన ముందుకు వచ్చినప్పుడు, పేలుళ్ల కుదుపులు గుడి పునాదికి ప్రమాదమని స్థానికులూ చరిత్రకారులూ గట్టిగా వ్యతిరేకించారు. గుడి గోడకు రాయినిచ్చిన ఇసుకరాతి నేల పక్కనే బొగ్గు కూడా ఉండడం ఈ ప్రాంతపు భూగోళంలోనే ఉన్న చిక్కు.

మధ్యాహ్నం తరువాత సుమారు పది కిలోమీటర్ల దూరంలోని గణపురం వెళ్లి కోటగుళ్లు చూశాము. అది జయశంకర్ భూపాలపల్లి జిల్లా. జిల్లాల సరిహద్దు మారింది గాని రెండు ఊళ్ల చరిత్ర ఒక్కటే. మట్టి కోట గోడ లోపల గణపేశ్వరాలయం, దాని చుట్టూ ఇరవైకి పైగా చిన్న గుళ్లు, ఊరికి ఆనుకుని గణపసముద్రం చెరువు. ఏర్పాటంతా పాలంపేటలో చూసినదే, కాని ఇక్కడ విరిగిన చూరులు, ఒరిగిన స్తంభాలు, ముఖాలు పోయిన మదనికలు ఎక్కువ. ఏనుగు మీద నిలిచిన, మనిషీ సింహమూ కలిసిన రూపపు గజకేసరి శిల్పాలు మాత్రం పాలంపేటలోని వాటి కంటే పెద్దవిగా, దృఢంగా కనిపించాయి. మేము ఉన్నంత సేపూ అక్కడికి ఇంకొక పర్యాటకుడు రాలేదు.

అటు వెళ్లదలచుకున్న వారికి నా సలహా: గణపురం ముందు చూసి, పాలంపేట తరువాత చూడండి. కోటగుళ్లలో రాళ్లు విడివిడిగా పడి ఉండడం వల్ల ఒక స్తంభం మరొక దూలంలో ఎలా కూర్చుంటుందో, చూరు రాయికి వెనక ఎంత బరువు పెట్టారో కంటికి కనిపిస్తుంది. ఆ తరువాత రామప్పలో కప్పు కింద నిలబడితే పైన దాగిన పని అంతా తెలుస్తుంది. చెరువుకు మాత్రం సెప్టెంబరులో వెళ్లడం మేలు. మంచి వానలు పడ్డ ఏడు మత్తడి దూకేది ఆ రోజుల్లోనే.